బలాలు అడిగితే విశేషణాలు అప్పజెప్పించకండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ఇంజనీరింగ్ కళాశాలల్లోని ట్రైనింగ్ అండ్ ప్లేస్‌మెంట్ అధికారులకు,

నమస్కారం.

నేను బెంగళూరులో పదిహేడేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో ఉన్నాను. మాది అనంతపురం జిల్లా. ఎనిమిదేళ్లుగా మా కంపెనీలో ఫ్రెషర్లను ఎంపిక చేసే ప్యానెళ్లలో కూర్చుంటున్నాను. శనివారం సాయంత్రాలు మారతహళ్లి పక్కన మున్నెకొల్లాలలో ఒక పీజీ హాస్టల్ మేడ మీద, ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన మన పిల్లలకు మాక్ ఇంటర్వ్యూలు పెడుతున్నాను. బల్లకు అటూ ఇటూ కూర్చున్నాక నాకు అర్థమైన సంగతి ఒకటుంది. అది మీ చేతిలో ఉన్న పని కాబట్టి మీకే రాస్తున్నాను.

తెల్లవారుజామున మారతహళ్లి కళామందిర్ స్టాపులో నెల్లూరు, కడప, గుంటూరు బస్సులు దిగే పిల్లలను మీలో చాలామంది చూసే ఉంటారు. వీపుకు ల్యాప్‌టాప్ బ్యాగు, చేతిలో ఇంటి నుంచి తెచ్చిన పచ్చడి డబ్బాల సంచి, ప్లాస్టిక్ ఫోల్డరులో సర్టిఫికెట్లు. ఆ ఫోల్డరులో చాలాసార్లు ఇంకొకటి కూడా ఉంటుంది. సీఆర్‌టీ, అంటే క్యాంపస్ నియామకాలకు ఇచ్చే శిక్షణ క్లాసులో పంచిన జిరాక్సు కాగితాలు. పైన ప్రశ్న, కింద జవాబు. ‘మీ బలాలేమిటి’ అన్న ప్రశ్న కింద మూడు వాక్యాలు: నేను కష్టపడి పనిచేస్తాను, త్వరగా నేర్చుకుంటాను, జట్టులో కలిసిపోతాను. ఒక శనివారం నెల్లూరు నుంచి వచ్చిన అమ్మాయీ, కరీంనగర్ నుంచి వచ్చిన అబ్బాయీ ఆ మూడు వాక్యాలనే ఇంగ్లీషులో, ఒకే చోట ఆగి, ఒకే వ్యాకరణ దోషంతో అప్పజెప్పారు. ఇద్దరికీ ముఖపరిచయం కూడా లేదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని తల దించుకున్నారు. తప్పు వాళ్లది కాదు. నాలుగేళ్లు చదివిన పిల్లల గురించి చెప్పడానికి మనం వాళ్ల చేతికి ఇచ్చినవి ఆ మూడు మాటలే.

ఆ మాటలు విన్నాక బల్లకు ఇటువైపు ఏం జరుగుతుందో మీకు తెలియాలి. అభ్యర్థి బయటికి వెళ్లగానే నేనొక ఫారం నింపాలి. సమస్యను విడదీసి చూడగలగడం, ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పగలగడం, బాధ్యత తీసుకోవడం ఇలా కొన్ని శీర్షికలు ఉంటాయి. ఒక్కో దానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. మార్కు పక్కన, ఆ మార్కు ఎందుకు వేశానో అభ్యర్థి చెప్పిన మాటల్లోంచే ఆధారం రాయాలి. ‘కష్టపడతాను అన్నాడు’ అని రాస్తే మా వాళ్లు ఆ ఫారాన్ని వెనక్కి పంపుతారు. కష్టపడను అని చెప్పే మనిషి ఎవరూ ఉండరు కదా. కాబట్టి ఆ మూడు వాక్యాలు చెప్పిన పిల్లవాడి మీద నాకు ఎంత ఇష్టం కలిగినా, ఫారంలో ఆ గడి ఖాళీగానే ఉంటుంది. ఖాళీ గడికి రెండు మార్కులకు మించి పడవు. మన పిల్లలు పోగొట్టుకుంటున్న ఉద్యోగాల్లో కొన్ని ఈ ఖాళీ గడుల దగ్గరే పోతున్నాయని నేను కళ్లారా చూసి చెబుతున్నాను.

కంపెనీలు ఇలా ఆధారాలు అడగడం ఒట్టి చాదస్తం కాదు. ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఉద్యోగుల ఎంపిక మీద 85 ఏళ్ల పాటు జరిగిన పరిశోధనలను ఒకచోట చేర్చి 1998లో ఒక వ్యాసం ప్రచురించారు. తోచిన ప్రశ్నలు అడిగి మనసులో కలిగిన అభిప్రాయాన్ని బట్టి తీసుకునే ఇంటర్వ్యూ కంటే, అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి ఒకే కొలతతో మార్కులు వేసే ఇంటర్వ్యూ, మనిషి తర్వాత ఎలా పనిచేస్తాడన్నది మెరుగ్గా పట్టిస్తుందని అందులో తేలింది. 2022లో పాల్ సాకెట్, ఆయన సహచరులు ఆ లెక్కలను తిరగతోడి చాలా అంకెలను తగ్గించారు కానీ, ఈ తరహా ఇంటర్వ్యూ మాత్రం పట్టికలో పై వరుసలోనే నిలిచింది. విమానంలో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయి వంటి చిక్కు ప్రశ్నలు కాలయాపన తప్ప మరేమీ కావని గూగుల్ ఉద్యోగ నియామకాలు చూసిన లాజ్లో బాక్ 2013లోనే బాహాటంగా చెప్పారు. ఇంతటి మార్పు వచ్చాక కూడా మన సీఆర్‌టీ క్లాసుల్లో ఆ జిరాక్సు కాగితం మాత్రం మారలేదు.

ఇప్పుడు మీకొక అబ్బాయి గురించి చెప్పాలి. మదనపల్లె దగ్గరి పల్లె. తండ్రి టమాటా రైతు. మొదటిసారి నా ఎదుట కూర్చున్నప్పుడు, చెమట పట్టిన చేతులను ప్యాంటుకు తుడుచుకుంటూ, అందరిలాగే ఆ మూడు వాక్యాలు చెప్పాడు. సెలవుల్లో ఏం చేసేవాడివని తెలుగులో అడిగాను. ‘ఏమీ లేదు మేడం, మండీలో లెక్కలు రాసేవాణ్ణి’ అన్నాడు. ఏం లెక్కలంటే, క్రేట్ల లెక్కలన్నాడు. మండీవాళ్లు రైతులకు ఖాళీ క్రేట్లు ఇస్తారు, రైతు వాటిలో కాయ నింపి తెస్తాడు, కొన్నవాళ్లు ఆ క్రేట్లతోనే లారీకి ఎత్తించుకుని పోతారు, తర్వాత ఖాళీ క్రేట్లు తిరిగి రావాలి. ప్రతి వారం కొన్ని తక్కువ వచ్చేవి. ఆ లోటును మండీ యజమాని రైతుల డబ్బులోంచి కోసేవాడు. పోయినవి ఒక పుస్తకంలో, వచ్చినవి తేదీ వారీగా ఇంకో పుస్తకంలో రాసేవారు. రెంటినీ కలిపి చూసే దారి లేదు. ఈ అబ్బాయి రెండు పుస్తకాల్లోనూ లారీ నంబరుకు ఒక గడి గీశాడు. పది రోజులకే తేలింది, లోటు రైతుల దగ్గర లేదు, తిరిగి వచ్చే రెండు లారీల దగ్గర ఉంది. ఆ కాగితం యజమాని ముందు పెట్టాడు. ఎవరి మీదా నేరం మోపలేదు, అంకెలు మాత్రం చూపించాడు. ఆ వారం నుంచి రైతులకు కోత ఆగింది.

‘ఇది ఇంటర్వ్యూలో ఎందుకు చెప్పలేదు?’ అని అడిగాను. ‘అది ఉద్యోగం కాదు కదక్కా, మండీ పని’ అన్నాడు. మేడం పోయి అక్క వచ్చింది. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో వణుకు కూడా పోయింది.

నేను టెస్టింగ్ చేసి బతుకుతున్న మనిషిని. అతను చేసినది అచ్చంగా మా పనే. రెండు చోట్ల ఉన్న వివరాలు పొసగడం లేదని గమనించడం, వాటిని కలిపే ఒక గుర్తును పట్టుకోవడం, అనుమానాన్ని పక్కన పెట్టి ఆధారం కోసం పది రోజులు ఆగడం, తేలినదాన్ని నొప్పించకుండా పైవారికి చెప్పడం, ఇవన్నీ నాకు కావలసినవే. నా ఫారంలో నాలుగు గడులు నిండిపోయే సంగతిని కడుపులో పెట్టుకుని ఆ కుర్రవాడు కష్టపడి పనిచేస్తానని చెబుతున్నాడు. అతనితో ఆ కథను తెలుగులో మూడుసార్లు చెప్పించి, తర్వాత అతనికి వచ్చిన ఇంగ్లీషులోనే ఐదు నిమిషాలకు కుదించాం. వ్యాకరణం నేను పెద్దగా ముట్టుకోలేదు. మొదటి కంపెనీలో రాలేదు. రెండో కంపెనీలో ప్యానెల్ వాళ్లు పావుగంటకు పైగా క్రేట్ల గురించే అడిగారట. క్రేటు పగిలితే ఎలా రాసేవాడివి, లారీ నంబరు తప్పుగా రాస్తే ఎలా తెలిసేది అని. కంఠస్థం చేసిన జవాబు, రెండో ప్రశ్న అడిగితే కూలిపోతుంది. చేసిన పని గురించి పదో ప్రశ్న అడిగినా మనిషి నిలబడతాడు.

నా వల్ల జరిగిన ఒక అన్యాయం కూడా చెప్పాలి. 2019లో ఒక కళాశాలకు క్యాంపస్ డ్రైవుకు వెళ్లాం. ఒక అమ్మాయి తన ప్రాజెక్టు గురించి చెబుతూ ప్రతి వాక్యంలోనూ ‘మేము చేశాం, మేము రాశాం’ అంది. నీ వంతు ఏమిటని అడిగాను. మళ్లీ మేమే అంది. ‘వ్యక్తిగత పాత్ర స్పష్టంగా లేదు’ అని రాసి రెండు మార్కులు వేసి సంతకం పెట్టాను. సాయంత్రం మమ్మల్ని కారు దాకా సాగనంపిన లెక్చరర్ మాటల్లో తెలిసింది, ఆ ప్రాజెక్టు మొత్తం ఆ అమ్మాయి ఒక్కతే చేసిందని. మిగతా ముగ్గురూ తలుపు బయట వరుసలో నిలబడి ఉన్నారు. తాను ‘నేను’ అంటే లోపలికి రాబోయే వాళ్ల అవకాశం పోతుందని ఆమె అలా చెప్పింది. జాబితా అప్పటికే ఖరారైంది, నేను అడిగినా మార్చలేదు. ఆ ఫారం మీద పెట్టిన సంతకం నా మనసులోంచి ఇప్పటికీ పోలేదు. అప్పటి నుంచి ‘మీ ఒక్కరి చేత్తో రాసిన భాగం ఏది, అందులో ఎక్కడ ఇరుక్కుపోయారు’ అనే అడుగుతున్నాను. కానీ అందరు ప్యానెల్ వాళ్లూ అలా అడగరు. అందుకే పిల్లలకు ముందే తెలిసి ఉండాలి.

‘నేను’ అనడం మన పిల్లలకు ఎందుకంత కష్టమో మనకు తెలియనిది కాదు. ఆత్మస్తుతి తగదని ఇంట్లో చెప్పి పెంచాం. నలుగురిలో నోరు తెరిచి తన గురించి చెప్పుకున్నవాణ్ణి సొంత డబ్బా కొట్టుకుంటున్నాడని నవ్వాం. ఆ పెంపకం చెడ్డదని నేననను, నా పిల్లలనూ అలాగే పెంచుతున్నాను. అయితే గొప్పలు చెప్పుకోవడం వేరు, చేసిన పనిని ఉన్నదున్నట్టు చెప్పడం వేరు. ‘నేను చాలా నిజాయితీపరుణ్ణి’ అంటే గొప్పలు చెప్పుకున్నట్టు. ‘హాస్టల్ మెస్ కమిటీలో నెల లెక్క రాసి, మిగిలిన డబ్బును నోటీసు బోర్డు మీద పెట్టాను’ అంటే జరిగింది చెప్పినట్టు. రెండోదానికి సిగ్గుపడనక్కర లేదని మీరు ఒక్క మాట చెబితే పిల్లలు నమ్ముతారు, ఎందుకంటే మీరు వాళ్లకు గురుస్థానంలో ఉన్నారు. జట్టుకు దక్కవలసిన పేరు జట్టుకు ఇచ్చి, ఆ తర్వాత ‘అందులో నా భాగం ఇది’ అని చెప్పడం నేర్పితే, ఆ అమ్మాయి లాంటివాళ్లు స్నేహితులకు ద్రోహం చేశామన్న బాధ లేకుండానే నోరు విప్పగలుగుతారు.

మీరు చేయగలిగినది మూడో సంవత్సరం చివర్లో పెట్టే రెండు వారాల సీఆర్‌టీ కంటే ముందే మొదలవాలి. రెండో సంవత్సరంలోనే ప్రతి విద్యార్థి చేతా ఒక నోటు పుస్తకం పెట్టించండి. అందులో తాను చేసిన పనులు, తేదీతో సహా, తెలుగులోనే రాసుకోనివ్వండి. ల్యాబులో చెడిపోయింది ఏమిటి, దాన్ని ఎలా పట్టుకున్నారు, టెక్ ఫెస్టుకు చందాలు ఎలా వసూలు చేశారు, ఇంటి దగ్గర కిరాణా కొట్టులో నాన్న అప్పు ఖాతాలను ఎలా సర్దారు, ఏదైనా సరే. పరిస్థితి ఏమిటి, నా మీద పడిన బాధ్యత ఏమిటి, నేను ఏం చేశాను, చివరికి ఏమైంది అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు ఉంటే చాలు. కంపెనీలు ఇంగ్లీషు పొడి అక్షరాల్లో స్టార్ పద్ధతి అని పిలిచేది దీన్నే. అమెజాన్ అయితే తన ఇంటర్వ్యూలకు వచ్చేవారికి ఈ పద్ధతిలోనే సిద్ధపడమని బాహాటంగా చెబుతుంది. పద్ధతి పేరు ఎవరైనా చెప్పగలరు కానీ, నింపడానికి సరుకు ఉండాలి, ఆ సరుకు ఆ నోటు పుస్తకంలోనే పోగవుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఆర్20 అనే 2020 నాటి సిలబస్‌తో వచ్చిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును చూడండి. ఊళ్లోకి వెళ్లి ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకుని, జనం ముఖం మీద తలుపు వేసినా మళ్లీ వెళ్లి అడిగి రావడం కంటే మంచి సరుకు ఇరవై ఏళ్ల పిల్లలకు ఎక్కడ దొరుకుతుంది? చాలా రెజ్యూమేల్లో అది ఒక్క వరుసగా మిగిలిపోతోంది. అడిగితే ‘సర్వే చేశాం’ అంటున్నారు. ఆ సర్వేలో మీకు అబద్ధం చెప్పారని అనిపించిన ఇల్లు ఏది అని ఒక అమ్మాయిని అడిగాను. బోరు నీళ్ల గురించి ఊరంతా ఒక మాట, ఒక ముసలావిడ ఇంకో మాట చెప్పారనీ, ముసలావిడ చెప్పిందే నిజమని తర్వాత బోరు దగ్గరికి వెళ్లి చూస్తే తెలిసిందనీ ఆగకుండా చెప్పింది. అంతవరకు ఆ సంగతి ఆమెను ఎవరూ అడగలేదు.

బలహీనతల ప్రశ్నకు ‘నేను ప్రతిదీ మరీ కచ్చితంగా చేస్తాను’ అని నేర్పడం దయచేసి మానేయండి. వినీ వినీ విసుగెత్తిపోయాం. నిజంగా ఉన్న లోపం ఒకటి, దాన్ని సరిచేసుకోవడానికి ఈ మధ్య మొదలుపెట్టిన పని ఒకటి చెబితే చాలు. బ్యాక్‌లాగ్, అంటే తప్పిన సబ్జెక్టులు ఉంటే ఎన్ని, ఎందుకు, ఎప్పుడు పాసయ్యారు అని మూడు మాటల్లో చెప్పి ఊరుకోమనండి. తెలియని ప్రశ్న వస్తే ‘తెలియదు, కానీ వెతకవలసి వస్తే ఇక్కడి నుంచి మొదలుపెడతాను’ అనే ధైర్యం కూడా క్లాసులోనే రావాలి. బడిలో తెలియదంటే బెత్తం దెబ్బ పడిన పిల్లలు ఇక్కడ తెలియని దాన్ని తెలిసినట్టు అల్లుతారు. అల్లిన జవాబు ప్యానెల్‌కు రెండు నిమిషాల్లో పట్టుబడుతుంది, ఆ తర్వాత వాళ్లు చెప్పే నిజాలు కూడా మసకబారిపోతాయి.

దుకాణంలో కొన్న ప్రాజెక్టుల గురించీ, లేని అనుభవాన్ని ఉన్నట్టు చూపే కాగితాల గురించీ ఎక్కువ రాయను. మీకు నాకంటే బాగా తెలుసు. భవిష్య నిధి సంస్థ 2014లో యూఏఎన్, అంటే ఉద్యోగం మారినా మారని ఒకే నంబరు తెచ్చాక ఎవరు ఎక్కడ ఎన్నాళ్లు పనిచేశారన్నది దాచడం అంత తేలిక కాదు. వెరిఫికేషన్‌లో దొరికి, చేరిన మూడో నెలలో ట్రంకు పెట్టెతో పీజీ మెట్లు దిగి వెళ్లిన పిల్లవాణ్ణి నేను చూశాను. అతని తండ్రికి ఫోను చేయడానికి ఆ పిల్లవాడికి నోరు రాలేదు. సొంత పనిలో చెప్పుకోదగ్గది ఉందని ముందే ఎవరైనా చూపించి ఉంటే అతను ఆ దారి తొక్కేవాడు కాదని నా నమ్మకం.

అమ్మాయిల విషయం విడిగా చెప్పాలి. పెళ్లయ్యాక మానేస్తారా, రాత్రి షిఫ్టుకు ఇంట్లో ఒప్పుకుంటారా అని ఇప్పటికీ కొన్ని చోట్ల అడుగుతున్నారు. 1976 నాటి సమాన వేతన చట్టమే నియామకాల్లో స్త్రీల పట్ల వివక్ష కూడదని చెప్పింది, దాని స్థానంలో వచ్చిన వేతనాల కోడ్ కూడా అదే చెబుతోంది. ఆ సంగతి మీ విద్యార్థినులకు తెలియాలి. అలాంటి ప్రశ్న వస్తే కోపం, కన్నీళ్లు లేకుండా ‘ఈ ఉద్యోగానికి కావలసిన సమయం నేను ఇవ్వగలను, పని గురించి అడగండి’ అనగలిగేలా వాళ్లను తయారుచేయండి. మీ క్యాంపస్‌కు వచ్చిన కంపెనీ ఆ ప్రశ్న అడిగితే, వచ్చే ఏడాది డ్రైవు పోతుందేమోనని చూడకుండా, ఆ మాట మీరే వాళ్లతో అనండి. పిల్లల తరఫున అనవలసిన మాట అది.

మాక్ ఇంటర్వ్యూలు కళాశాలలో పాఠం చెప్పేవాళ్లే చేస్తే పిల్లలకు బెరుకు పోదు, అడిగేవాళ్లకూ కొత్త ప్రశ్న తట్టదు. మీ పాత విద్యార్థులు ఈ ఊళ్లో ఔటర్ రింగ్ రోడ్డు పొడవునా, వైట్‌ఫీల్డ్‌లో, ఎలక్ట్రానిక్ సిటీలో ఉన్నారు. అడిగితే వారానికి ఒక గంట వీడియో కాల్‌లో కూర్చోవడానికి కాదనేవాళ్లు తక్కువ. కొత్తవాళ్ల ముందు తన కథను పదిసార్లు చెప్పిన పిల్లవాడికి పదకొండోసారి అసలు ఇంటర్వ్యూలో గొంతు పట్టేయదు. ఇంటర్వ్యూ ముందు రోజే ఊరికి చేరుకుని, వీలైతే ఆ ఆఫీసు గేటు దాకా ఒకసారి వెళ్లి చూసి రమ్మని కూడా చెప్పండి. సిల్క్ బోర్డు దగ్గర గంట సేపు ఇరుక్కుని, పరుగున వచ్చి కూర్చున్నవాళ్లకు తమ పేరు కూడా తడబడుతుంది.

ఈ ఏడాది సీఆర్‌టీ మొదటి రోజున మీరు ఒక్క పని చేయాలని వేడుకుంటున్నాను. జిరాక్సు కాగితాలు పంచడానికి బదులు ప్రతి ఒక్కరికీ ఒక తెల్ల కాగితం ఇచ్చి, ‘ఎవరూ చెప్పకుండానే నువ్వు పూనుకుని చేసిన పని ఒకటి రాయి’ అనండి. గంట సేపు ఇవ్వండి. మొదటి అరగంట చాలామంది ఏమీ రాయరు, కిటికీలోంచి బయటికి చూస్తారు. తొందరపెట్టకండి. ఆ కాగితాలను ఆ రాత్రి మీరే స్వయంగా చదవండి.

భవదీయురాలు,
మారతహళ్లి, బెంగళూరు నుంచి
మీ పూర్వ విద్యార్థినుల్లో ఒకరు